అమ్మగారి గొంతూ, పొలం కాగితాలూ ఒకేచోట ఉంచకండి, మాస్టారూ

ప్రశ్న: నమస్కారం. మాది తణుకు. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి 14 నెలలైంది. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి కూకట్‌పల్లిలో ఉంటారు. కిందటిసారి వచ్చినప్పుడు అబ్బాయి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి నా గూగుల్ డ్రైవ్‌లో పెట్టాడు. ఆధార్, పాన్, పొలం దస్తావేజులు, పాసు పుస్తకాలు, డిపాజిట్ బాండ్లు, పెన్షన్ కాగితాలు, అన్నీ. ఆవిడ ఫోటోలూ వీడియోలూ కూడా ఆ అకౌంట్‌లోనే ఉన్నాయట. మొన్న మా తోడల్లుడు వచ్చి, "క్లౌడ్‌లో పెట్టడమంటే నడివీధిలో పెట్టడమే, రేపు నీ పొలం ఎవడో రాయించేసుకుంటాడు, అన్నీ తీసెయ్" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీసేద్దామని కూర్చుంటే ఆవిడ ఫోటోలు కూడా పోతాయేమోనని చెయ్యి రాలేదు. పైగా స్టోరేజ్ నిండిపోయిందని రోజూ చెబుతోంది ఫోను. నా ఈమెయిల్ పెన్షన్ పని కోసం అప్పట్లో నెట్ సెంటర్లో పెట్టించుకున్నది. పాస్‌వర్డ్ డైరీలో ఉంది. ఆవిడ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో ఉన్నాయి, అవి ఎక్కడ దాగి ఉంటాయో కూడా తెలియదు. ఉంచాలా, తీసేయాలా?
ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మాస్టారూ, ఇవాళ ఏదీ తీసేయకండి. ఈ ఉత్తరం మొత్తం చదివి, అమ్మాయి వచ్చిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చేద్దురుగాని. భయంలో చేసిన డిలీట్ వల్ల ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. దొంగల చేతిలో పోగొట్టుకున్నవాళ్లు అంతమంది కనిపించలేదు.

మీరు అడగని విషయం ఒకటుంది, దాంతోనే మొదలుపెడతాను. అమ్మగారి ఫోన్ ఇంట్లో ఉందా? ఉంటే ముందు దాన్ని తీసి ఛార్జింగ్ పెట్టండి. ఆవిడ తీసిన ఫోటోలు, ఆవిడకు మీ పిల్లలు పంపినవి, ఆవిడ పేరున ఉన్న గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి ఉండొచ్చు. రెండేళ్లపాటు ఎవరూ వాడని అకౌంట్‌ను, అందులో ఉన్న మెయిళ్లు, ఫోటోలతో సహా తీసేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. 14 నెలలైందని రాశారు. అంటే ఇంకా పది నెలలే ఉన్నట్టు లెక్క వేసుకోండి. ఫోన్ తెరుచుకుంటే నెట్ కలిపి, ఆవిడ ఫోటోల యాప్ తెరిచి, అందులో ఉన్నవాటిని మీ వైపుకి తెచ్చుకోండి. తెరుచుకోకపోతే, చనిపోయినవారి అకౌంట్ గురించి కుటుంబసభ్యులు అర్జీ పెట్టుకోవడానికి గూగుల్‌లో పద్ధతి ఉంది. మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఆ పని మీ అబ్బాయికి అప్పజెప్పండి.

ఆవిడ నంబరుకు రీఛార్జ్ ఆపేశారేమో కూడా చూడండి. రద్దయిన నంబరును 90 రోజులు ఆగి కంపెనీలు కొత్తవాళ్లకు ఇచ్చేస్తాయి. ఆ నంబరు మీ జాయింట్ బ్యాంకు ఖాతాకో, ఆవిడ ఈమెయిల్‌కో, మీ ఈమెయిల్‌కో తగిలించి ఉంటే ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళతాయి. నంబరు ఇంకా బతికే ఉంటే, ఈ పనులన్నీ అయ్యేదాకా చిన్న రీఛార్జ్ వేసి ఉంచండి. పోయి ఉంటే, అది ఎక్కడెక్కడ రాసి ఉందో అక్కడల్లా మార్పించండి.

ఇక మీ తోడల్లుడు గారి మాట. ఆయన భయంలో కొంత నిజం ఉంది, కానీ వేలు వేరే వైపు చూపిస్తున్నారు. క్లౌడ్ అంటే ఏ సింగపూర్‌లోనో అమెరికాలోనో ఉన్న పెద్ద పెద్ద గిడ్డంగుల్లోని కంప్యూటర్లు. మీ ఫైలు అక్కడికి వెళ్లేటప్పుడూ, అక్కడ ఉన్నప్పుడూ గూఢలిపిలోనే ఉంటుంది. దారిలో ఎవరైనా కాజేసినా చదవలేరు. నడివీధి పోలిక సరిపోదు. బ్యాంకు లాకరు దగ్గరగా ఉంటుంది, ఒక్క తేడాతో. లాకరుకు రెండు తాళంచెవులుంటాయి, ఒకటి మీ దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర, రెండూ పడితేనే తెరుచుకుంటుంది. మామూలు క్లౌడ్‌లో రెండు చెవులూ కంపెనీ దగ్గరే ఉంటాయి. మీరు పాస్‌వర్డ్ చెబితే వాళ్లే తెరిచి మీకిస్తారు. కోర్టు ఉత్తర్వు వస్తే తెరిచి ప్రభుత్వానికిస్తారు. వాళ్ల యంత్రాలు కూడా లోపలున్నవాటిని కొంతమేర చూస్తూనే ఉంటాయి.

ఆ చూడటం ఎంత దూరం వెళుతుందో ఒక తండ్రికి జరిగింది చెబుతాను. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకాయన, పసిబిడ్డకు ఒంట్లో వాపు వస్తే, డాక్టరుకు చూపించడానికి ఫోటో తీశాడు. ఫోన్ దాన్ని తనంతట తానే గూగుల్ క్లౌడ్‌లోకి పంపింది. అక్కడి యంత్రం దాన్ని పిల్లలపై లైంగిక అకృత్యంగా గుర్తించింది. అకౌంట్ మూసేశారు, పోలీసు విచారణ జరిగింది. తప్పేమీ లేదని పోలీసులు తేల్చేశారు. అయినా అకౌంట్ తిరిగి ఇవ్వలేదు. ఏళ్లనాటి మెయిళ్లు, ఫోటోలు, ఫోన్ నంబరు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. పిల్లల్ని కాపాడటానికి ఆ తనిఖీ అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పొరపాటు జరిగినప్పుడు మనిషి వెళ్లి మొరపెట్టుకోవడానికి ఒక గుమ్మం ఉండాలి. బ్యాంకులో అన్యాయం జరిగితే తణుకు బ్రాంచికి వెళ్లి మేనేజరు ఎదుట కూర్చోగలం. ఇక్కడ ఆ కుర్చీ లేదు. నాకు ఈ సౌకర్యం మొత్తంలో అన్నింటికన్నా ఎక్కువ గుబులు పుట్టించేది ఇదే.

దొంగల సంగతికి వస్తే, వాళ్లు గిడ్డంగి గోడకు కన్నం వేయడం అరుదు. అలా అసలు జరగలేదని కాదు. డ్రాప్‌బాక్స్‌లో 2011 జూన్‌లో ఒక రోజు దాదాపు నాలుగు గంటలపాటు ఏ పాస్‌వర్డ్ కొట్టినా ఎవరి ఖాతా అయినా తెరుచుకుంది. ఆ తర్వాతి ఏడాది అదే కంపెనీ నుంచి దాదాపు 6.8 కోట్ల మంది ఈమెయిళ్లూ, గూఢలిపిలోకి మార్చిన పాస్‌వర్డులూ దొంగిలించారు. ఎంతమందివి పోయాయన్నది 2016లో గానీ లోకానికి తెలియలేదు. ఆ దొంగతనానికి దారి ఇచ్చింది ఒక ఉద్యోగి పాస్‌వర్డే. వేరే వెబ్‌సైట్‌లో వాడినదాన్నే ఆఫీసులోనూ వాడాడు. 2014లో హాలీవుడ్ నటీమణుల సొంత ఫోటోలు ఐక్లౌడ్ నుంచి బయటపడినప్పుడు కూడా ఆపిల్ గోడలు బద్దలయ్యాయని లోకమంతా అనుకుంది. తీరా కేసులు నడిస్తే తేలిందేమిటంటే, కంపెనీ పంపినట్టే కనిపించే ఉత్తుత్తి మెయిళ్లు పంపి, వాళ్ల చేతే పాస్‌వర్డులు చెప్పించుకున్నారు.

కాబట్టి మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసిన వాక్యం డ్రైవ్ గురించినది కాదు. "నెట్ సెంటర్లో పెట్టించుకున్నది" అన్న వాక్యం.

మన ఊళ్లలో ఇది ఇంటింటి కథ. పెన్షన్‌కో, పిల్లల ఎంసెట్ దరఖాస్తుకో ఈమెయిల్ కావాలంటారు. నెట్ సెంటర్ కుర్రాడు ఐదు నిమిషాల్లో పెట్టిస్తాడు. పాస్‌వర్డ్ అతనే పెడతాడు, చాలాసార్లు మన పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి. ఓటీపీ తొందరగా రావాలని రికవరీ నంబరుగా, అంటే పాస్‌వర్డ్ మరిచిపోతే అకౌంట్ తిరిగి తెరిపించుకునే నంబరుగా, తన నంబరే ఇచ్చేస్తాడు. దురుద్దేశం ఉండదు, రోజుకు యాభై మందికి చేస్తాడు. మా పెదనాన్న ఈమెయిల్ అలా పెట్టించినదే. ఆరేళ్ల తర్వాత పాస్‌వర్డ్ మరిచిపోయి నాకు ఫోన్ చేశారు. చూస్తే, రికవరీ నంబరు చివరి రెండంకెలు ఆయనవి కావు. ఆ షాపు మూసేసి అప్పటికి మూడేళ్లు. ఆ అకౌంట్‌లో మా నాన్నమ్మ షష్టిపూర్తి ఫోటోలున్నాయి. ఎంత ప్రయత్నించినా తెరవలేకపోయాను. కంప్యూటర్ల మధ్యే బతికిన నేను, మా ఇంటి ఫోటోలే తెచ్చుకోలేకపోయాను. అందుకే ఈ ఒక్క పని మటుకు అమ్మాయి కోసం కూడా ఆగకుండా చేయించుకోండి అంటాను.

మీ ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెట్టింగుల్లో సెక్యూరిటీ అన్న భాగం ఉంటుంది. అక్కడ రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ ఎవరివో చూడండి. మీవి కాకపోతే మీ నంబరు, అమ్మాయి ఈమెయిల్ పెట్టండి. ఆ కిందే మీ అకౌంట్ ఏయే పరికరాల్లో తెరిచి ఉందో జాబితా ఉంటుంది. మీ ఫోన్ తప్ప మీకు తెలియని ఏ కంప్యూటర్ కనిపించినా సైన్ అవుట్ నొక్కండి. జిరాక్స్ షాపులో ప్రింటు కోసం తెరిచి, మూయడం మరిచిపోయి వచ్చినవి అక్కడ బయటపడతాయి. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. మీరు తెలుగు చదివినవారు, మీకొక మేలుంది. మీకు మాత్రమే గుర్తుండే నాలుగైదు మాటలు, ఒకదానికొకటి సంబంధం లేనివి, ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకోండి. పద్యపాదాలూ సామెతలూ వద్దు, అవి అందరికీ తెలిసినవే. పిల్లల పేర్లు, పుట్టినరోజులు అసలే వద్దు. డైరీలో రాసుకోవడం తప్పేమీ కాదు మాస్టారూ. ఇంట్లోని డైరీని దొంగిలించడానికి ఇంటికి రావాలి, దూరాన కూర్చున్నవాడికి అది అందదు. ఆ డైరీని బల్ల మీద కాకుండా బీరువాలో పెట్టండి, అంతే.

టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా ఆన్ చేయించండి. పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా మీ ఫోన్‌లో మీరు ఒప్పుకుంటే తప్ప లోపలికి రాలేడు. అది ఆన్ చేసినప్పుడు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు. వాటిని కాగితం మీద ప్రింటు తీసి పాసు పుస్తకాల సంచీలో ఉంచండి. ఫోన్ గోదారి కాలవలో పడిపోయినా ఆ కాగితంతో అకౌంట్ తెరవొచ్చు.

ఇంత చేసినా, ఫోన్‌లోకే దొంగ వచ్చి కూర్చుంటే లాభం లేదు. ఇప్పుడు ఆంధ్రాలో, తెలంగాణలో వాట్సాప్‌లో తిరుగుతున్న మోసం అదే. పెళ్లి శుభలేఖ అనో, వాహనం చలానా అనో, పీఎం కిసాన్ డబ్బులనో ఒక ఫైలు వస్తుంది, పేరు చివర ఏపీకే అని ఉంటుంది, అంటే అది కాగితం కాదు, యాప్. తెలిసినవాళ్ల నంబరు నుంచే రావొచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగ చేతిలో ఉంటుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలన్నీ అవతలికి పోతాయి. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే శుభలేఖ ఉండదు. మీకు రోజూ వస్తున్న "స్టోరేజ్ నిండింది" మెసేజ్‌ను కూడా జాగ్రత్తగా చూడండి. డ్రైవ్ యాప్ తెరిస్తే లోపల కనిపించేది నిజమైనది. ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్లోనో లింకు ఇచ్చి, వెంటనే డబ్బు కట్టకపోతే ఫోటోలు పోతాయని బెదిరించేది వల. పొరపాటున డబ్బు పోతే, ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇప్పుడు పొలం కాగితాలు. "ఎవడో రాయించేసుకుంటాడు" అన్న మాటే మీ నిద్ర పాడుచేసింది కదా. స్కాన్ కాపీ దొరికినంత మాత్రాన పొలం చేతులు మారదు. రిజిస్ట్రేషన్ జరగాలంటే మనుషులు కావాలి, సంతకాలు కావాలి, వేలిముద్రలు కావాలి. మీ సర్వే నంబరు, విస్తీర్ణం రహస్యాలు కూడా కావు. అడంగల్, 1బి ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో ఎవరైనా చూడగలిగినవే. దొంగకు పనికొచ్చేది పొలం వివరం కాదు, ఆ దస్తావేజు మీద ఉన్న మీ వేలిముద్ర, సంతకం, ఆధార్ నంబరు.

ఊరికే భయపెట్టడం లేదు. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఆ వేళ్లతో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. ఆ కాగితాలు పోయింది ఎవరి ఫోన్ నుంచో కాదు. అలాంటి ముద్రలతోనే ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతాల్లో డబ్బు తీసిన కేసులు కూడా తర్వాత బయటపడ్డాయి. అందుకని మీరు డ్రైవ్‌లోంచి కాగితాలు తీసేసినా, తీయకపోయినా ఒక పని చేసి తీరాలి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది, దాన్ని వేసేయండి. రేషనుకో, లైఫ్ సర్టిఫికెట్‌కో వేలు పెట్టాల్సి వస్తే కాసేపు తీసి, మళ్లీ వేసుకోవచ్చు. లాక్ ఉన్నంతసేపూ మీ వేలి నకలు ఎవడి దగ్గరున్నా పనిచేయదు. ఏడాదికోసారి పొలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి, మీకు తెలియని లావాదేవీ ఏదైనా ఉంటే అందులో కనిపిస్తుంది. తోడల్లుడు గారికి కూడా ఈ రెండూ చెప్పండి. ఆయన ఏ క్లౌడూ వాడకపోయినా ఆయన దస్తావేజు మీద కూడా వేలిముద్ర ఉంది.

స్కాన్ కాపీల్లో ఏవి ఉండాలి, ఏవి వద్దు? ఆధార్, పాన్, లైసెన్సు, బండి ఆర్‌సీ డ్రైవ్‌లో అవసరమే లేదు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోకి ఆయా శాఖల నుంచే తెచ్చుకోవచ్చు. అలా వచ్చినవాటికి చట్టప్రకారం అసలు కాగితంతో సమానమైన విలువ ఉంటుంది. మనం ఫోటో తీసి ఎక్కించినవాటికి ఆ విలువ లేదు. హోటళ్లకీ, కొరియర్లకీ ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. దస్తావేజులు, బాండ్లు, పెన్షన్ కాగితాల నకళ్లు ఉంచుకోవడం మంచిదే. వరదొచ్చినా, చెదలు పట్టినా నంబర్లు చేతిలో ఉంటాయి. మా కోనసీమ చుట్టాల ఇంట్లో చెదలు తినేసిన దస్తావేజుకు నకలు తెచ్చుకోవడానికి డాక్యుమెంట్ నంబరు తెలియక ఎంత తిరిగారో చూశాను. కానీ వాటిని అలాగే విప్పి పెట్టకూడదు. వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో వేసి, సెవెన్ జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ ఉన్న ఒక్క మూటగా కట్టి, ఆ మూటను డ్రైవ్‌లో పెట్టమని అబ్బాయికి చెప్పండి. ఆ పాస్‌వర్డ్ గూగుల్‌కి కూడా తెలియదు. ఇందాకటి లాకరు లెక్కలో, ఇప్పుడు మీ చెవి మీ దగ్గర ఉన్నట్టు. రోజూ తెరవాల్సి వస్తే క్రిప్టోమేటర్ అనే యాప్ ఇదే పని ఇంకా సులువుగా చేస్తుంది. జాగ్రత్త, ఈ పాస్‌వర్డ్ మరిచిపోతే దాన్ని తిరిగి ఇచ్చే నాథుడు లేడు. డైరీలో రాయండి, అమ్మాయికి చెప్పండి. మూట తయారై, ఒకసారి విప్పి చూసుకున్నాకే విడి కాపీలను తీసేయించండి. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటాయి, అక్కడ కూడా ఖాళీ చేయాలి.

అబ్బాయిని ఇంకో రెండు సంగతులు అడగండి. ఆ ఫోల్డర్‌ను తనకీ చెల్లికీ చేరేలా లింకు ఇచ్చాడా? ఇస్తే, "లింకు ఉన్న ఎవరైనా" అన్న రకమా? ఆ లింకు కుటుంబ గ్రూపులో పడితే, గ్రూపులోని ముప్పై మందికీ, వాళ్లు పంపినవాళ్లకీ తలుపు తీసినట్టే. పేరు పేరునా ఇద్దరి ఈమెయిళ్లకే అనుమతి ఇమ్మనండి. రెండోది, స్కాన్ చేసింది ఏ యాప్‌తో? కొన్ని స్కానింగ్ యాప్‌లు ప్రతి కాగితాన్నీ తమ సొంత సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచుతాయి. మన దేశంలో కోట్లమంది వాడిన క్యామ్‌స్కానర్‌లో 2019 ఆగస్టులో దొంగ ప్రోగ్రామ్ బయటపడింది, 2020 జూన్‌లో కేంద్రం ఆ యాప్‌ను నిషేధించింది. అప్పటిదాకా అందులో దాచుకున్న కాగితాల సంగతి వాడినవాళ్లలో చాలామంది ఆలోచించనే లేదు. డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే వీలుంది, మరో యాప్ అక్కర్లేదు.

అమ్మగారి ఫోటోల లెక్క దీనికి తలకిందులు. దస్తావేజు ఒకడి చేతిలో పడితే నష్టం. ఈ ఫోటోలు ఎవరో చూస్తే పెద్ద నష్టం లేదు, పోతే మాత్రం తిరిగి తీయలేం. కాబట్టి కాగితాలకు కాపీలు తగ్గించాలి, ఫోటోలకు కాపీలు పెంచాలి. మీరు రెండింటినీ ఒకే గంపలో పెట్టుకుని ఒకే భయంతో చూస్తున్నారు, అందుకే చెయ్యి ఆడలేదు.

క్లౌడ్‌లో ఉంటే చాలు కదా అనుకోకండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటర్ అయిదంతస్తుల భవనం తగలబడిపోయింది. వేరే కాపీ లేని చాలామందివి బూడిదే మిగిలింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఏళ్లుగా దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు పోయాయి. దానికి రెండో కాపీ లేదు. గూగుల్ లాంటి కంపెనీలు ఒకే ఫైలును వేర్వేరు చోట్ల ఉంచుతాయి కాబట్టి మీకు నిప్పు భయం తక్కువే. మీ భయం వేరే ఉంది. గూగుల్ ఫోటోస్‌లో మీరు ఫోన్‌లో ఒక ఫోటో తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, ఎందుకంటే అది ఒకటే ఆల్బమ్, రెండు చోట్ల కనిపిస్తోంది. చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, ఆ తర్వాత ఉండదు. ఫోన్‌లో చోటు కోసమని మనవడు గబగబా డిలీట్ కొట్టేస్తే జరిగేది ఇదే. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చేయడానికి అందులోనే "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఏర్పాటు ఉంది, అది వాడాలి.

ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా దాంట్లోకే లెక్క, మెయిళ్లూ దాంట్లోకే. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వచ్చింది. మీది నిండడానికి ఎక్కువగా కారణం అదే అయి ఉంటుంది. శుభోదయం బొమ్మలు, గ్రూపుల్లో వచ్చిన వీడియోలు, అన్నీ బ్యాకప్‌లోకి వెళ్లిపోతున్నాయి. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ తెరిస్తే ఏ గ్రూపు ఎంత తింటోందో కనిపిస్తుంది, గ్రూపుల్లో వీడియోలు తీసేయండి. అమ్మగారి చాట్ జోలికి మాత్రం వెళ్లకండి. అప్పటికీ చాలకపోతే నెలనెలా కాస్త డబ్బు కట్టి చోటు పెంచుకోవడం తప్పు కాదు. నిండిపోయిన అకౌంట్‌ను అలాగే రెండేళ్లు వదిలేస్తే ఉన్నవి కూడా తీసేసే హక్కు వాళ్ల నిబంధనల్లో ఉంది.

ఫోటోలకు నేను చెప్పే ఏర్పాటు ఇది. ఒక కాపీ క్లౌడ్‌లో ఎలాగూ ఉంది. ఒక హార్డ్ డిస్క్ కొని అందులో రెండో కాపీ తీయించి మీ బీరువాలో పెట్టండి. ఇంకో డిస్క్‌లో మూడో కాపీ కూకట్‌పల్లిలో అమ్మాయి ఇంట్లో ఉండాలి, ఒకే ఇంట్లో రెండూ ఉండకూడదు. డిస్క్‌లు కూడా ఏళ్లు గడిస్తే చెడిపోతాయి, సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ఒకసారి తెరిచి చూడండి. మరీ ఇష్టమైనవి ఓ యాభై ఎంచి స్టూడియోలో ప్రింటు వేయించండి. మా అమ్మమ్మ పెళ్లి ఫోటో 1950ల నాటిది, ఏ పాస్‌వర్డూ అడగకుండా ఇవాళ్టికీ గోడమీద ఉంది.

మీ తర్వాత సంగతి కూడా ఆలోచించండి, ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. అమ్మగారి అకౌంట్ విషయంలో మీరు ఇప్పుడు పడుతున్న అవస్థ పిల్లలకు రాకూడదు. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది. మీరు ఇన్ని నెలలు అకౌంట్ వాడకపోతే ఫలానావాళ్లకు ఫలానావి ఇవ్వండి అని ముందే చెప్పి ఉంచొచ్చు, పది మంది వరకు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల వరకు గడువు మీ ఇష్టం. పిల్లలిద్దరి పేర్లూ పెట్టండి. 2023లో మన దేశంలో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, మనిషి పోయాక అతని డేటా హక్కులు వినియోగించుకోవడానికి నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తోంది. అది పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కర్లేదు, గూగుల్‌లో ఇవాళే పెట్టుకోవచ్చు.

ఇక ఆ వాయిస్ మెసేజ్‌లు. అవి ఎక్కడో ఆకాశంలో లేవు మాస్టారూ, మీ ఫోన్‌లోనే ఉన్నాయి. ఆండ్రాయిడ్ అయితే ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, వాట్సాప్ మీడియా ఫోల్డర్‌లో వాయిస్ నోట్స్ అన్న ఫోల్డర్‌ను వెతకండి. వారాలవారీగా చిన్న చిన్న ఫోల్డర్లుంటాయి. మొత్తాన్ని కాపీ చేసేయండి, ఎవరివి ఏవో తర్వాత తీరిగ్గా వేరుచేసుకోవచ్చు. దాంతోపాటు అమ్మగారి చాట్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియాతో కలిపి మీ ఈమెయిల్‌కో డ్రైవ్‌కో పంపుకోండి. ఏ మాటకు ఏ మెసేజ్ జవాబో తేదీలతో సహా ఉంటుంది. చాట్ మరీ పెద్దదైతే పాత మెసేజ్‌లు అందులో పూర్తిగా రాకపోవచ్చు, అందుకే రెండు పనులూ చేయమంటున్నాను. ఫోన్ మార్చాలని ఎవరైనా అంటే ఇవి అయ్యేదాకా మార్చకండి, రిపేరు షాపులో రీసెట్ చేయనివ్వకండి. వాట్సాప్ బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకునే వీలు 2021 నుంచి ఉంది, పెడితే గూగుల్ కూడా చదవలేదు. కానీ దాన్ని కాపీలన్నీ తీసుకున్నాకే పెట్టండి, డైరీలో రాసుకుని మరీ.

ఆ ఫైళ్ల పేర్లలో కొన్ని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప ఏమీ ఉండవు, ఏది ఏమిటో చూస్తే తెలియదు. హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాక, కేబుల్ తీసేసి, డిస్క్‌లోంచే నాలుగైదు తెరిచి వినండి. అమ్మాయి పక్కన ఉన్నప్పుడు వినండి.